సీసపు చేప మీద పాలపళ్ళు

సాయంత్రం అయిదున్నరకి షెడ్డులో గంట కొడతారు. పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి పలకలు తీసి, మూకుళ్ళలో కరిగించి, సీసం దిమ్మెలు పోసే షెడ్డు అది. రేకుల కప్పు, మూడు పెద్ద మూకుళ్ళు, ఒక పొగగొట్టం, ఒకే ఒక్క కుళాయి. ఆ కుళాయి మనుషుల కోసం పెట్టింది కాదు, దిమ్మెలు చల్లార్చడానికి పెట్టింది. గంట వినగానే పాతికమంది పనివాళ్ళు చేతులు ప్యాంట్లకి తుడుచుకుని, క్యారియర్లు అందుకుని, ఒంటి మీది బట్టలతోనే ఇళ్ళకి బయల్దేరతారు.

ఇరవై ఏళ్ళ కిందట ఆ పాతికమందిలో ఒక మేస్త్రి ఉండేవాడు. సీసం కరిగించడం ఆయన పని. ఇల్లు రెండు వీధుల అవతల. సందు మలుపు తిరిగేసరికి గడప మీద కూర్చున్న ఏడాదిన్నర పిల్లాడు కేరింతలు కొట్టేవాడు. మేస్త్రి క్యారియరు కింద పడేసి వాణ్ణి ఎత్తుకునేవాడు. పిల్లాడు ఆ బూడిదరంగు చొక్కాలో మొహం దాచుకుని, కాలరు చప్పరిస్తూ, పది నిమిషాల్లో నిద్రపోయేవాడు.

"ఆ చొక్కా విప్పి నాకివ్వండి, వాడి పక్కన పరుస్తాను. అది లేకపోతే మీవాడు కునుకు తీయడు," అనేది ఇల్లాలు. "ఉతుకుదామంటే ఊరుకోడు. ఉతికిన చొక్కా వేస్తే వాసన చూసి విసిరికొడతాడు. పొద్దస్తమానం చాకిరీ నేను చేస్తే, ప్రేమ మాత్రం మీ చెమట కంపు మీద!"

"తండ్రీకొడుకుల మధ్య నువ్వు రాకు," అని మేస్త్రి మురిసిపోయేవాడు. ఆ చొక్కా వారం సెలవు నాడు తప్ప నీళ్ళ మొహం చూసేది కాదు.

అయ్యా, అమ్మా, ఇది చదువుతున్నవారు ఇక్కడ ఒక్క క్షణం ఆగి చెప్పండి. ఇందులో తప్పెక్కడుంది? నేనూ చాలాసేపు వెతికాను. తప్పు కళ్ళెర్రజేసుకుని వస్తే వీధి వీధంతా కర్రలు పట్టుకుని నిలబడుతుంది. చొక్కా మీద పొడిలా కూర్చుని వస్తే మాత్రం ముద్దుపెట్టుకుని లోపలికి తీసుకుపోతాం. ఆ ఇంట్లోనూ అదే జరిగింది.

పిల్లాడికి మంచి పేరే పెట్టారుగానీ ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. అందరికీ వాడు 'బుల్లితాత'. మేస్త్రి తండ్రి పోయిన నెలలోనే పుట్టాడు మరి. "మామయ్యగారే మళ్ళీ వచ్చారు, ఆ నుదురు చూడండి," అని ఇల్లాలు మెటికలు విరిచింది. చుట్టుపక్కలవాళ్ళు ఎదురుగా అవునవునని, ఇంటికెళ్ళి చెవులు కొరుక్కున్నారు. ఎందుకంటే ఆ మామయ్యగారు పోయింది జైల్లో. అచ్చాఫీసులో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన ఆయన, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా, మాటామాటా పెరిగి తోటి పనివాణ్ణి ఇనప చట్రంతో కొట్టి చంపాడు.

మేస్త్రికి కొడుకంటే పంచప్రాణాలు. పిల్లాడికి పళ్ళొచ్చే రోజుల్లో, మూకుడు అడుగున మిగిలిన గరిటెడు సీసాన్ని ఇసుకలో గీసిన చేపబొమ్మ గుంటలో పోసి, చల్లారాక జేబులో వేసుకొచ్చాడు. చిగుళ్ళ దురదకి పిల్లాడు ఆ చేపని నోట్లోంచి తీస్తే ఒట్టు. మెత్తటి లోహం కదా, పాలపళ్ళ గాట్లు వరసగా పడ్డాయి. ఎనిమిదేళ్ళ అక్క ఆ గాట్లు లెక్కపెట్టి, "అమ్మా, ఇవాళ తమ్ముడు తోక కొరికాడు," అని చెప్పేది. అక్క చిన్నప్పుడు మేస్త్రి కర్రల డిపోలో పనిచేసేవాడు. ఆ పిల్ల చెక్కబొమ్మలతో ఆడుకుని పెరిగింది. ఆమె బుద్ధిగా చదువుకుంది, బట్టలు కుట్టే దుకాణంలో కుదురుకుంది. ఆమె గురించి ఈ కథలో చెప్పుకోవలసిన గొడవే లేదు. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

బుల్లితాతకి బడిలో అక్షరాలు నిలిచేవి కావు. ఇవాళ నేర్చింది రేపటికి ఉండేది కాదు. తరచూ కడుపునొప్పి. బడి ఎగ్గొట్టే వేషాలని అందరూ అన్నారు. ఏడో ఏట, రబ్బరు ఇవ్వలేదని పక్క కుర్రాడి మొహాన పలక పెట్టి కొట్టాడు. నాలుగు కుట్లు పడ్డాయి. ఎందుకు కొట్టావురా అని తల్లి నిలదీస్తే, వాడు ఆ కుర్రాడికంటే ఎక్కువగా వెక్కివెక్కి ఏడుస్తూ ఒకే మాట చెప్పాడు.

"తెలీదమ్మా. చెయ్యి ముందెళ్ళిపోయింది."

పంతులుగారు మంచివారే. ఆయనకి వాడి తాత సంగతి తెలుసు. "ఏం చేస్తామమ్మా, ఎక్కడికి పోతాయి ఆ పోలికలు?" అని జాలిపడి, వాణ్ణి ఆఖరి బల్లకి మార్చారు. ఆఖరి బల్ల మీద వాడు అయిదేళ్ళు కూర్చున్నాడు.

మేస్త్రికి మాత్రం గుండెల్లో రాయి పడింది. తండ్రి చేతులకి బేడీలు వేసి తీసుకెళ్ళిన రోజు ఆయన కళ్ళముందే ఉంది. కొడుక్కి ఆ గతి పట్టకూడదని నిశ్చయించుకున్నాడు. నిశ్చయించుకుని ఏం చేశాడు? బెల్టు తీశాడు. ఫిర్యాదు వచ్చినప్పుడల్లా తలుపు గడియ పెట్టి కొట్టేవాడు. ఇల్లాలు అడ్డంపడితే, "నువ్వు పక్కకి తప్పుకో. వీడిలో మా నాన్న రక్తం ఉంది. ఇప్పుడే వంచకపోతే రేపు మనం జైలు గేటు దగ్గర నిలబడాలి," అనేవాడు. కొట్టాక తనే నూనె రాసేవాడు. రాస్తూ ఏడ్చేవాడు. మర్నాడు సాయంత్రం అదే చొక్కాతో వచ్చి, అదే కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినేవాడు.

పంతొమ్మిదేళ్ళు వచ్చేసరికి బుల్లితాత ఒక సరుకుల గోదాములో మూటలు మోసే పనిలో చేరాడు. అక్కడ లిఫ్టు ఒక్కటే. తోపుడుబండ్లు వరసలో నిలబడాలి. ఆ రోజు నలభై ఏళ్ళ తోటి పనివాడొకడు, నవ్వులాటకే, తన బండిని వాడి బండి ముందుకి దూర్చాడు.

"పెద్దవాళ్ళకి దారివ్వాలిరా బుల్లితాతా! ఏంటలా చూస్తావ్? మీ తాతలాగ నన్నూ ఏసేస్తావా ఏంటి?"

నలుగురూ నవ్వారు. నవ్వు ఆగకముందే తోపుడుబండి ఇనప పిడి ఊడి చేతికొచ్చింది, దెబ్బ పడిపోయింది. బుల్లితాత పారిపోలేదు. తన తువ్వాలు తీసి ఆ మనిషి తలకి అదిమిపట్టి, "అన్నా, లే అన్నా, నేను కాదన్నా, చెయ్యి ముందెళ్ళిపోయిందన్నా," అంటూ పోలీసులు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు. ఆ మనిషి మూడో రోజున ఆసుపత్రిలో పోయాడు. భార్యా ఇద్దరు ఆడపిల్లలూ ఉన్నవాడు.

వీధి వీధంతా ఒక్కటే మాట. చెప్పామా లేదా? పుట్టినప్పుడే చెప్పామా లేదా? మనవాళ్ళకి ఒకరి ఇల్లు కాలుతున్నప్పుడు కూడా తమ జోస్యం ఫలించిందన్న సంతోషం దాచుకోవడం చేతకాదు. మేస్త్రి వారం రోజులు తలెత్తలేదు. "నా రక్తమే. నేనే కనకుండా ఉండాల్సింది," అని ఒకటే పాట.

కోర్టువారు కుర్రాడి తరఫున ఒక లాయరుని పెట్టారు. చిన్న వయసు మనిషి, ఓపిక ఉన్న మనిషి. చిన్నప్పటి సంగతులు తెలుసుకుందామని ఒక మధ్యాహ్నం ఇంటికే వచ్చింది. ఇల్లాలు కుర్చీ తుడిచి వేసింది. మాట్లాడుతూ మాట్లాడుతూ లాయరమ్మ అలమర వైపు చూసింది.

"ఆ బొమ్మ ఏంటమ్మా?"

"మావాడి చేపండీ. ఆ గాట్లన్నీ వాడి పాలపళ్ళే. పారేయబుద్ధి కాలేదు."

"దేంతో చేశారు?"

"సీసంతో. మా ఆయనే పోశాడు."

లాయరమ్మ చేపని అటూ ఇటూ తిప్పి చూసింది. తలుపు వెనక మేకుకి వేలాడుతున్న బూడిదరంగు చొక్కా చూసింది. పుస్తకంలో ఏదో రాసుకుంది. పదిరోజుల్లో కోర్టు అనుమతితో జైల్లో కుర్రాడి రక్తం తీసి పరీక్షకి పంపారు. ఆ ఫలితం వచ్చాక లాయరమ్మ మేస్త్రినీ ఇల్లాలినీ ఆసుపత్రిలో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరు తలనెరిసిన మనిషి. కాగితం ముందు పెట్టుకుని మెల్లగా చెప్పారు.

"మీ అబ్బాయి ఒంట్లో ఉండకూడనంత సీసం ఉంది. ఇవాళ చేరింది కాదు, ఊయల్లో ఉన్నప్పటి నుంచీ చేరుతూ వచ్చింది. ఎముకల్లోకి వెళ్ళి కూర్చుంది. చూడండి, కోపం నాకూ వస్తుంది, మీకూ వస్తుంది. సైకిలుకి బ్రేకు ఉన్నట్టు, మెదడులో దాన్ని ఆపే భాగం ఒకటి ఉంటుంది. అది తయారయ్యే వయసులో సీసం పడితే బ్రేకు సరిగ్గా కుదరదు. సైకిలు బాగానే కనిపిస్తుంది. పల్లం వచ్చినప్పుడే తెలుస్తుంది."

"మరి మా నాన్న రక్తం సంగతేంటండీ?" అన్నాడు మేస్త్రి.

"పుట్టుకతో కొంత దుడుకుతనం వచ్చి ఉండొచ్చు. కాదనను. కానీ దుడుకుతనంతో పుట్టినవాళ్ళు లక్షలమంది ఉన్నారు. వాళ్ళలో ఆటగాళ్ళున్నారు, డ్రైవర్లున్నారు, నాలాంటి డాక్టర్లూ ఉన్నారు. ఇంతకీ మీ నాన్నగారు ఏం చేసేవారు?"

"అచ్చాఫీసులో అండీ. అక్షరాలు పోతపోసేవాడు. చేతులు ఖాళీ లేకపోతే అక్షరాలు పళ్ళమధ్య కరిచిపట్టుకుని పేర్చేవాడు."

"దేంతో చేసేవారు ఆ అక్షరాలు?"

మేస్త్రి నోరు తెరిచాడు. ఇల్లాలు భర్త మొహంలోకి చూసి, విషయం సగమే అర్థమై, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సీసం," అన్నాడు చివరికి.

"ఆయన చేసిన పనికి అదే కారణమని నేను చెప్పను. చచ్చిపోయిన మనిషిని పరీక్ష చెయ్యలేను కదా," అన్నారు డాక్టరు. "మిమ్మల్ని ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఇరవై ఏళ్ళుగా మీరూ ఆ పొగలోనే ఉన్నారు. మీకెప్పుడూ చెయ్యి ముందెళ్ళలేదా?"

గడియ పెట్టిన తలుపు, బెల్టు, మూలకి నక్కిన ఏడేళ్ళ పిల్లాడు, అన్నీ ఒక్కసారి మేస్త్రి కళ్ళముందు తిరిగాయి. ఆయన తలవంచుకుని చేతులు చూసుకున్నాడు. గోళ్ళ చుట్టూ ఆ బూడిదరంగు ఇంకా ఉంది.

"డాక్టరుగారూ, కోర్టులో ఇదంతా గట్టిగా చెప్తారుగా? మావాడి తప్పు కాదని చెప్తారుగా?" ఇల్లాలు చేతులు జోడించింది.

"తెలిసినంత చెప్తానమ్మా. ఆ రోజు ఆ దెబ్బకి ఇదొక్కటే కారణమని మాత్రం చెప్పలేను. అంత తెలిసినవాడు ఎక్కడా లేడు."

విచారణ రోజున కోర్టు హాలు నిండిపోయింది. ఒక వైపు బెంచీ మీద చనిపోయినవాడి భార్య, ఇద్దరు ఆడపిల్లలు. రెండో వైపు మేస్త్రి, ఇల్లాలు, అక్క. బోనులో బుల్లితాత. జైలుకెళ్ళి ఆరునెలలైనా వాడి మొహం పసిమొహంగానే ఉంది.

ప్రభుత్వ లాయరు సమర్థుడు. డాక్టరుని నిలబెట్టి అడిగాడు: "ఆ షెడ్డులో పనిచేసేవాళ్ళ పిల్లలందరూ హంతకులయ్యారా?"

"కాలేదు."

"మరి ఈ కుర్రాడే ఎందుకయ్యాడు? తాత హంతకుడు కాబట్టి కాదా?"

"అదే తాతకి మనవరాలు అదిగో, ఆ బెంచీ మీద కూర్చుంది. ఆమె ఇంతవరకు ఎవరి మీదా చెయ్యెత్తలేదు. ఆమె పసితనంలో ఇంట్లోకి రంపపు పొట్టు వచ్చింది. ఈ అబ్బాయి పసితనంలో సీసం పొడి వచ్చింది. రక్తం ఇద్దరిదీ ఒక్కటే. నాకు తెలిసిన తేడా అదీ, ఆ పేరూ, ఆ దెబ్బలూ."

తరవాత మేస్త్రిని పిలిచారు. లాయరమ్మ చేపని చూపించి అడిగింది. ఒప్పుకున్నాడు. చొక్కా గురించి అడిగింది.

"పసివాడి పక్కలో మీ చొక్కా వేసే అలవాటు ఎవరిది?"

మేస్త్రి ఒక్కసారి భార్య వైపు చూశాడు. "నాదేనండి. నేనే వేసేవాణ్ణి."

"అబద్ధం!" ఇల్లాలు లేచి నిలబడింది. కోర్టు బంట్రోతు వారిస్తున్నా ఆగలేదు. "అబద్ధమండీ! ఆయనకేం తెలీదు. నేనే వేశాను. ఉతక్కుండా దాచి మరీ వేశాను. బిడ్డ నిద్రపోతున్నాడని సంతోషించానండీ!"

బోనులో కొడుకు కటకటాలు పట్టుకుని తల్లిని చూస్తున్నాడు. అప్పుడు రెండో వైపు బెంచీ నుంచి చనిపోయినవాడి భార్య లేచింది. అరవలేదు. మామూలు గొంతుతోనే అడిగింది.

"మీవాడికి సీసం ఉందమ్మా, చొక్కా ఉంది, తాత ఉన్నాడు. మా ఆయన ఏం చేశాడని పోయాడు? నా పిల్లలకి నేను ఏ డాక్టరు చేత చెప్పించను?"

ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గరా లేదు. ఈ కథలో ఆవిడకి న్యాయం జరగలేదనే అనుకోండి. ఇల్లాలు ఆమెకి రెండు చేతులూ ఎత్తి దణ్ణంపెట్టి కూలబడిపోయింది.

న్యాయమూర్తిగారు చేపని తెప్పించుకుని చూశారు. కళ్ళజోడు సవరించుకుని, ఆ చిన్న చిన్న గాట్ల మీద వేలు నడిపారు. రెండు నిమిషాలు చూసి బల్ల మీద పెట్టారు. పెట్టి, బంట్రోతుని పిలిచి ఏదో చెప్పారు. బంట్రోతు చెంబుతో నీళ్ళు, సబ్బు, తువ్వాలు తెచ్చాడు. న్యాయమూర్తి పక్క గది గుమ్మంలో నిలబడి చేతులు శుభ్రంగా, మోచేతుల దాకా కడుక్కున్నారు.

అందరూ నీళ్ళ చప్పుడు వింటూ కూర్చున్నారు. మేస్త్రి మాత్రం ఆ సబ్బునే చూస్తున్నాడు. ఇరవై ఏళ్ళు. ఆ చేతులతో అన్నం కలిపాడు, బిడ్డ నోట్లో ముద్ద పెట్టాడు. ఒక్క చెంబెడు నీళ్ళు, ఒక్క సబ్బుముక్క పెట్టి ముందు కడుక్కోరా అన్నవాడు లేడు. రెండు నిమిషాలు పట్టుకున్నందుకు పెద్దాయన మోచేతుల దాకా కడుక్కున్నారు. కడుక్కోవాలని ఆయనకి తెలుసు. తెలిసినవాళ్ళెవరూ తన వీధికి రాలేదు.

వారం తరవాత తీర్పు చెప్పారు. పదేళ్ళు. ఇంకా ఎక్కువ పడవలసిందేననీ, వయసూ డాక్టరు మాటా చూసి తగ్గించామనీ అన్నారు. కాగితం పక్కన పెట్టి న్యాయమూర్తి ఇంకో నాలుగు మాటలు చెప్పారు.

"ఒక మనిషి ప్రాణం పోయింది. కొట్టిన చెయ్యి ఇదిగో, మన ముందుంది. దీన్ని శిక్షించే అధికారం నాకుంది, శిక్షించాను. ఈ చేతిని ఇలా తయారుచేసినవి ఇంకా చాలా ఉన్నాయని నాకు రుజువైంది. ఒక చొక్కా, ఒక బొమ్మ, మనుషులకి కుళాయి లేని ఒక షెడ్డు, ఒక ఆఖరి బల్ల, నవ్వుతూ పెట్టిన ఒక పేరు. వాటిని బోనెక్కించే చట్టం నా దగ్గర లేదు. ఆ పని ఈ గదిలో అయ్యేది కాదు. బయట, మీరందరూ చెయ్యాల్సింది."

బాగానే చెప్పారు. విన్నవాళ్ళు తలలూపారు, కోర్టు మెట్లు దిగేసరికి మర్చిపోయారు.

బండి ఎక్కించే ముందు బుల్లితాతతో మాట్లాడడానికి అయిదు నిమిషాలు ఇచ్చారు. తల్లి వాడి చెయ్యి పట్టుకుని నిలబడింది. ఆ చెయ్యి నిమురుతూనే ఉంది. మేస్త్రి దూరంగా నిలబడ్డాడు. కొడుకు దగ్గరికి వెళ్ళే మొహం ఆయనకి లేదు. కొడుకే పిలిచాడు.

"నాన్నా, ఒక్కటి అడగనా?"

"అడగరా."

"అయితే నేను తాతని కానా?"

మేస్త్రికి అర్థం కాలేదు.

"అదే నాన్నా. పుట్టినప్పటి నుంచీ అందరూ తాతే మళ్ళీ పుట్టాడన్నారుగా. నేనూ అలాగే అనుకున్నా. ఎప్పుడో ఒకప్పుడు ఎలాగూ చేస్తాననుకున్నా. ఎవరైనా నన్ను చూసి భయపడితే, సరే, వీళ్ళకి ముందే తెలుసనుకున్నా. కాదని ముందే ఎవరైనా చెప్పుంటే..." వాడు ఆగిపోయాడు. "చెప్పుంటే ఏమయ్యేదో తెలీదులే. కానీ కొంచెం ప్రయత్నం చేసేవాణ్ణి."

మేస్త్రి కొడుకుని కావలించుకోబోయి, ఠక్కున ఆగి, తన చొక్కా వైపు చూసుకున్నాడు. కోర్టుకని వేసుకున్న ఉతికిన చొక్కా అది. అది చూసుకున్నాకే వాణ్ణి గుండెలకి హత్తుకున్నాడు. "నువ్వు తాతవి కావురా. నువ్వు నా కొడుకువి. నేనే నిన్ను..." అంటుండగానే పోలీసు టైమయిందన్నాడు.

మర్నాడు మేస్త్రి షెడ్డు యజమాని దగ్గరికి వెళ్ళాడు. ఇంకో కుళాయి, బట్టలు మార్చుకోవడానికి ఒక గది, ఇంతే అడిగాడు.

యజమాని చెడ్డవాడేం కాదు, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. "నీ బాధ నాకర్థమైంది మేస్త్రీ. కానీ ఇరవై ఏళ్ళుగా నువ్వే మూకుడు దగ్గర ఉన్నావు, నీకేమైంది? బానే ఉన్నావుగా! డాక్టర్లు వంద చెప్తారు. ఇంట్లో నాలుగు రోజులు విశ్రాంతి తీసుకో."

మేస్త్రి విశ్రాంతి తీసుకోలేదు. పని మానేశాడు. ఇంట్లోంచి రెండు బకెట్ల నీళ్ళు మోసుకొచ్చి, ఒక సబ్బు, నాలుగు పాత చొక్కాలు పక్కన పెట్టుకుని, రోజూ అయిదున్నరకి షెడ్డు గేటు దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు. అక్క తన దుకాణంలో మిగిలిన గుడ్డలతో ఇంకో రెండు చొక్కాలు కుట్టి ఇచ్చింది. గంట కొడతారు. పాతికమంది బయటికొస్తారు. ఒకరిద్దరు పెద్దాయన ముచ్చట తీర్చడానికన్నట్టు వేళ్ళు తడుపుకుంటారు. మిగతావాళ్ళు తప్పుకుని పోతారు. చొక్కా మార్చుకున్నవాడు ఇంతవరకు ఒక్కడూ లేడు.

నేను చూసిన సాయంత్రం, మేస్త్రి స్థానంలో కొత్తగా చేరిన పాతికేళ్ళవాడు గేటు దాటి వచ్చాడు. ఎదురుగా భార్య చంకలో రెండేళ్ళ పాప. పాప కేరింతలు కొడుతూ చేతులు చాచింది. మేస్త్రి గబగబా లేచి అడ్డం వెళ్ళాడు.

"బాబూ, ఆగు బాబూ. ఒక్క నిమిషం. కాస్త కడుక్కుని, ఇదిగో ఈ చొక్కా వేసుకుని ఎత్తుకో."

"తప్పుకో పెద్దాయనా! నా కూతుర్ని ఎత్తుకోవడానికి నీ పర్మిషన్ కావాలా?" అన్నాడు వాడు. పక్కనున్నవాడు గొంతు తగ్గించకుండానే అందుకున్నాడు. "కొడుకుని జైలుకి పంపి వచ్చి మనకి నీతులు చెప్తున్నాడ్రా. వాళ్ళ రక్తమే అంత, మధ్యలో చొక్కా ఏం చేసింది?"

అందరూ నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. పాప అప్పటికే తండ్రి భుజం మీదికి ఎక్కి, బూడిదరంగు చొక్కాలో మొహం దాచుకుని, కాలరు చప్పరిస్తోంది. మేస్త్రి రెండు అడుగులు వాళ్ళ వెనక వేసి ఆగిపోయాడు. చేతిలో మడత విప్పని చొక్కా అలాగే ఉంది. సందు మలుపు తిరిగిపోతున్న ఆ వీపు వైపు చూస్తూ, వినేవాడు లేడని తెలిసీ, గొంతు చించుకుని అరిచాడు.

"బిడ్డల రక్తంలో ఏముందో తరవాత వెతుకుదురుగాని, ముందు ఆ చొక్కా మార్చుకుని ఎత్తుకోండయ్యా!"